డొక్కు సైకిలు కొండ దిగిన కథ



చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, తామ్రశాసనాలు గుర్తుకు వస్తాయి. మా బడిలో పిల్లలూ అలాగే అనుకుంటారు. కానీ మనుషులకున్నట్టే వస్తువులకూ చరిత్ర ఉంటుంది. ఈరోజు మీతో ఒక సైకిలు చరిత్ర చెప్పుకుందామని వచ్చాను. అంగడిలో తళతళా మెరిసే కొత్త సైకిలు కాదు. పాత ఇనుప సామాన్ల మధ్య తుప్పు పట్టి పడివున్న సైకిలు. అది కొండెక్కి, కొండ దిగి, లోకం సైకిలు తొక్కే తీరునే మార్చేసిన వైనం.

ఈ కథ ఇప్పుడెందుకు అంటారా? మన సరిహద్దు ఊళ్ళ కుర్రాళ్ళు కొందరికి ఈ మధ్య కొత్త ముచ్చట పుట్టింది. కొండ మీద నుంచి రాళ్ళలో, మట్టిలో సైకిలు మీద దూకుతూ దిగాలట. దాన్నే డౌన్‌హిల్ అంటున్నారు. అందుకని ప్రత్యేకంగా చేసిన సైకిలు కొత్తది కొనాలంటే లక్షల్లో మాట. మధ్యతరగతి ఇంట అది అయ్యే పనేనా? అందుకని కుర్రాడు ఎవరో వాడి అమ్ముతున్న సైకిలు ఒకటి చూసి వస్తాడు. "నాన్నా, సగం ధరకే వస్తోంది" అంటాడు. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, రాయగడలోనైనా ఇంటింటి రామాయణం ఇదే. ఆ బేరానికి బయలుదేరే ముందు తండ్రీకొడుకులిద్దరూ కూర్చుని వినదగ్గ కథ ఇది. ఎందుకంటే, ఈ ఆట మొదలుపెట్టినవాళ్ళు కూడా సరిగ్గా ఇదే బేరం ఆడారు.

ముందు ఒక మాట ముచ్చట. పాత సామాన్లు కొని అమ్మే చోటును తమిళంలో కాయలాన్ కడై అంటారు. కన్నడంలో గుజరి అంగడి అంటారు. మా వైపు తెలుగువాళ్ళం కన్నడం మాటనే కాస్త మార్చి గుజిరీ అంగడి అనేస్తాం. అక్కడ దొరికే సైకిలుకు మాత్రం మనకు మన సొంత మాటే ఉంది, డొక్కు సైకిలు అని. అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు అదే సరుకును క్లంకర్ అన్నారు. కదిలితే చాలు డబడబా, లొటలొటా మోగేది అని దాని భావం. దేశాలు వేరైనా డొక్కు డొక్కే.

ఇక కథలోకి వద్దాం. ఈ డొక్కు పుట్టింది షికాగో నగరంలో. ఇగ్నాజ్ ష్విన్ అనే జర్మను దేశస్థుడు అమెరికాకు వలస వెళ్ళి, 1895లో అక్కడ సైకిళ్ళ కంపెనీ పెట్టాడు. 1929 తరువాత అమెరికాలో పెద్ద ఆర్థికమాంద్యం వచ్చింది. సైకిలు కొనే నాథుడు కరువయ్యాడు. అప్పుడు ఆయన కొడుకు ఫ్రాంక్ ష్విన్ ఒక ఉపాయం చేశాడు. అప్పటిదాకా అమెరికాలో పిల్లల సైకిళ్ళకు సన్నని టైర్లు ఉండేవి. రాయి తగిలితే చాలు, పంక్చరు. ఆయన 1933లో 26 అంగుళాల చక్రానికి, రెండు అంగుళాలకు పైచిలుకు లావున్న బెలూన్ టైరు వేసి అమ్మకానికి పెట్టాడు. లోపల ట్యూబు, పైన టైరు, మోటారు బండికి ఉన్నట్టే. దానికి తగ్గట్టు ఫ్రేమూ బలంగా చేశారు. ఇంటింటికీ పేపరు వేసే కుర్రాళ్ళు బరువు పెట్టి తొక్కినా తట్టుకునేది. గేర్లు లేవు. చేతి బ్రేకులు లేవు. పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బు లోపలే బ్రేకు పడుతుంది. బరువు మాత్రం ఇరవై కిలోల మాట.

ఆ తరువాత రోజులు మారాయి. యుద్ధం వచ్చింది, పోయింది. ఇంటింటికీ కార్లు వచ్చాయి. 1970ల నాటికి పది గేర్ల సన్న టైరు సైకిళ్ళు మోజయ్యాయి. ఆ పాత బరువు సైకిళ్ళు షెడ్లలోకి, చెత్తలోకి, పాత సామాన్ల కొట్లలోకి చేరాయి. మన ఇళ్ళలో తాతగారి సైకిలు గోడకు ఆనించి ఉంటుంది చూడండి, అలాగన్నమాట.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళితే మరిన్ కౌంటీ వస్తుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడ టమల్పయస్ అనే కొండ ఉంది. ఎత్తు సుమారు 2570 అడుగులు. మన నందికొండ సముద్రమట్టానికి దాదాపు 4850 అడుగులు కాబట్టి, అంకెల్లో చూస్తే అది చిన్న కొండే. కానీ నంది చుట్టూ నేలే ఎత్తు. టమల్పయస్ దాదాపు సముద్రపు ఒడ్డు నుంచే లేస్తుంది. దాని చుట్టూ అడవికి నిప్పు అంటుకుంటే మంటలార్పే బండ్లు వెళ్ళడానికి వేసిన మట్టి దారులు ఉన్నాయి. 1970ల మొదట్లో లార్క్‌స్పర్ అనే ఊరి కుర్రాళ్ళు పాత బెలూన్ టైరు సైకిళ్ళు తెచ్చి ఆ దారుల్లో దిగడం మొదలుపెట్టారు. వాళ్ళను చూసి, తారురోడ్డు మీద పందాలు తొక్కే యువకులు కొందరు ఇటు తిరిగారు. వాళ్ళలో జో బ్రీజ్, గారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనే ముగ్గురి పేర్లు గుర్తుపెట్టుకోండి.

జో బ్రీజ్ 1941 నాటి ష్విన్ సైకిలు ఒకటి 1973 ప్రాంతంలో అయిదు డాలర్లకు కొన్నాడు. ముప్పై ఏళ్ళు దాటిన పాత సైకిలు. పందెపు సైకిళ్ళు తొక్కే అతనికి కొత్త సైకిళ్ళ సంగతి తెలియక కాదు. ఆ కొండ దారిలో సన్న టైరు నిలవదు, తేలిక ఫ్రేము నిలవదు. ఆ పాతదే నిలిచింది. ఇక్కడ మనం నేర్చుకోవలసిన మొదటి సంగతి ఉంది. వాళ్ళు పాత సైకిళ్ళలో కూడా ఏది పడితే అది కొనలేదు. ష్విన్ వారి ఎక్సెల్సియర్ అనే రకం ఫ్రేము కోసం వెతికారు. ఆ ఫ్రేము కాస్త పొడుగు, ముందు ఫోర్కు కొంచెం ముందుకు వాలి ఉంటుంది. అందువల్ల వాలులో వేగంగా దిగేటప్పుడు హ్యాండిలు తడబడదు. మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు, పెట్రోలు ట్యాంకులా కనిపించే ఉత్తుత్తి రేకు, అన్నీ విప్పి పారేశారు. వాళ్ళు కొన్నది రంగును కాదు, ఎముకను.

ఇక అసలు పందెం. ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరికి పడమరగా క్యాస్కేడ్ కాన్యన్ అనే లోయలోకి దిగే మట్టి దారి ఉంది. రెండు మైళ్ళకు కాస్త అటూ ఇటూగా దూరం. ఆ దూరంలోనే 1300 అడుగుల దిగుడు. 1976 అక్టోబరు 21న కొద్దిమంది మిత్రులు అక్కడ చేరి, ఎవరు ముందు దిగుతారో గడియారం పెట్టి తేల్చుకుందాం అనుకున్నారు. చార్లీ కెల్లీ, ఫ్రెడ్ వుల్ఫ్ పూనుకుని ఏర్పాటు చేశారు. ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి, పైన ఒక గడియారం, కింద ఒక గడియారంతో లెక్క కట్టారు. ఆరోజు గెలిచినవాడు అలన్ బాండ్స్. మిగిలినవాళ్ళంతా ఎక్కడో ఒకచోట పడ్డారనీ, పడకుండా దిగింది అతనొక్కడేననీ చెప్పుకుంటారు.

ఆ పందానికి, ఆ దారికి రీప్యాక్ అని పేరు. ఆ పేరు వచ్చిన తీరు వింటే మన సైకిలు షాపు అన్నలకు నవ్వొస్తుంది. ఇందాక చెప్పాను కదా, బ్రేకు వెనక చక్రం హబ్బులోనే ఉందని. 1300 అడుగులు బ్రేకు పట్టుకుంటూ దిగేసరికి హబ్బు కాలిపోయేది. లోపలి గ్రీజు కరిగి పొగై పోయేది. కిందికి చేరగానే హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. ఇంగ్లీషులో అలా తిరిగి కూరడాన్ని రీప్యాక్ అంటారు. మనం దాన్ని ఓవరాలింగ్ అంటాం. ఒక దిగుడుకు ఒక ఓవరాలింగ్! ఇది రెండో సంగతి. పాత బండి కొన్న ధరతో లెక్క తీరదు. అది అడిగే గ్రీజు కూడా లెక్కలో చేర్చాలి.

1976 నుంచి 1979 దాకా ఈ పందాలు తరచుగా జరిగాయి. ఆ తరువాత 1983, 1984లలో మళ్ళీ జరిగాయి. అన్నిటిలోకీ తక్కువ సమయం గారీ ఫిషర్‌ది, 4 నిమిషాల 22 సెకన్లు. జో బ్రీజ్‌ది 4 నిమిషాల 24 సెకన్లు. వెండీ క్రాగ్ అనే ఆమె ఇరవై కిలోలకు మించిన డొక్కును వాళ్ళతో సమానంగా తొక్కింది. కెమెరాతో ఫోటోలూ తీసింది. ఆ రోజులు ఎలా ఉండేవో ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే చాలావరకు ఆమె తీసిన ఫోటోల పుణ్యమే. ఆ ఫోటోల్లో జీన్సు ప్యాంట్లు, బూట్లు, తోలు చేతితొడుగులు కనిపిస్తాయి. హెల్మెట్ ఉన్న తల వెతికినా అరుదు. ఆ ఒక్క విషయంలో వాళ్ళను అనుసరించవద్దని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి.

దిగడం సరే, ఎక్కడం ఎలా? ఇరవై కిలోల గేర్లు లేని సైకిలును కొండ మీదికి తొక్కేదెవరు? నెట్టుకుంటూ పోవాలి, లేదా ఎవరి ట్రక్కులోనో వేసుకుని పోవాలి. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీ అనే ఊళ్ళో ఒక పందానికి కూపర్టీనో నుంచి కొందరు కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళు అప్పటికే డొక్కు సైకిళ్ళకు గేర్లు బిగించి ఉన్నారు. మరిన్ వాళ్ళు దాన్ని చూశారు. ఆ తరువాత గారీ ఫిషర్ తన డొక్కుకూ గేర్లు పెట్టాడు, చేతి బ్రేకులు పెట్టాడు. జంట సైకిలు డ్రమ్ము బ్రేకు, మోటారు సైకిలు బ్రేకు లివరు, ఎక్కడ ఏది దొరికితే అది తెచ్చి కలిపారు. ఇప్పుడు సైకిలు పైకీ పోతుంది, కిందికీ వస్తుంది. కానీ ఖర్చు చూడండి. అయిదు డాలర్ల సైకిలు మీద వందల డాలర్ల సామాను చేరింది.

అంత ఖర్చు పెట్టాక ఏమైంది? ఫ్రేములు విరగసాగాయి. పేపరు కుర్రాడి కోసం చేసిన ఫ్రేము, ముప్పై ఏళ్ళ తరువాత, కొండల మీద దూకితే ఎన్నాళ్ళుంటుంది? ఫోర్కులు వంగాయి, గొట్టాలు చిట్లాయి. పైగా మంచి ఎక్సెల్సియర్ ఫ్రేములు దొరకడమే కష్టమైంది. అప్పుడు చార్లీ కెల్లీ అడగగా జో బ్రీజ్ 1977లో క్రోమ్‌మాలీ ఉక్కు గొట్టాలతో, ఈ పనికోసమే కొత్త ఫ్రేము చేశాడు. మరుసటి ఏడాదికల్లా అలాంటివి పది తయారయ్యాయి. వాటికి బ్రీజర్ అని పేరు. మొదటి బ్రీజర్ ఇప్పుడు స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. 1979లో గారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన ఫ్రేములతో మౌంటెన్‌బైక్స్ అనే పేరు మీద చిన్న వ్యాపారం పెట్టారు. సైకిలు ధర 1300 డాలర్ల పైమాట. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో తయారు చేయించి స్టంప్‌జంపర్ అనే సైకిలును 750 డాలర్లకు అమ్మింది. ఆ తరువాత కథ మీకు తెలిసిందే. లావు టైర్ల సైకిలు ప్రపంచమంతా పాకింది, మన ఊరి సందుల్లోకీ వచ్చింది.

1990లో అమెరికాలోని డురాంగోలో మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీలు మొదటిసారి అధికారికంగా జరిగాయి. కొండ దిగే పందెం వాటిలో ప్రత్యేక విభాగం. పురుషుల్లో అమెరికాకు చెందిన గ్రెగ్ హెర్బోల్డ్, స్త్రీలలో కెనడాకు చెందిన సిండీ డివైన్ గెలిచారు. అప్పటినుంచి దిగుడు సైకిలు వేరే జాతి అయిపోయింది. ముందూ వెనకా స్ప్రింగులో, గాలి షాకులో, పల్లాన్ని మింగే సస్పెన్షన్, డిస్కు బ్రేకులు, మోటారు సైకిలు ఫోర్కు లాంటి రెండంతస్తుల ఫోర్కు. ఒక్క మాటలో చెప్పాలంటే ఇంజను లేని మోటారు సైకిలు. అయిదు డాలర్ల ఆట లక్షల రూపాయల ఆట అయింది.

శ్రోతలారా, ఇప్పుడు మన ఇంటి బేరానికి వద్దాం. చేతిలో డబ్బు తక్కువ. పాతదే కొనాలి. తప్పేమీ లేదు, ఆట పుట్టిందే పాతదానితో. కానీ ఆ మరిన్ కుర్రాళ్ళ అనుభవం మనకేం చెబుతోంది?

మొదటిది, ఎముక చూడండి. రంగు, స్టిక్కర్లు చూడకండి. అమ్మేవాడు సైకిలును తుడిచి మెరిపించి పెడతాడు. మీరు ఒక తడిగుడ్డ, టార్చిలైటు పట్టుకుని పొండి. హ్యాండిలు కింద గొట్టాలు కలిసే అతుకు, పెడల్ ఇరుసు చుట్టూ ఉన్న అతుకులు, సీటు కింది గొట్టం, వెనక చక్రాన్ని పట్టే చేతులు, ఇవన్నీ తుడిచి వెతకండి. వెంట్రుకంత గీత రంగులో కనబడినా అది గీత అని సరిపెట్టుకోకండి. పగులు కావచ్చు. అల్యూమినియం ఫ్రేముకు పగులుంటే బేరం అక్కడే ఆపండి. ధర తగ్గిస్తామన్నా వద్దు. ఇంట్లో పగిలిన కుండను అటక మీద పెట్టి వాడుకోవచ్చు. పగిలిన ఫ్రేము వాలులో విరిగితే మెడ విరుగుతుంది.

రెండోది, కదిలేవన్నీ కదిపి చూడండి. ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కీ ఊపండి. హ్యాండిలు దగ్గర టకటకమంటే అక్కడ బేరింగు వదులైంది. వెనక చక్రం పట్టుకుని పక్కకు ఊపండి. ఫ్రేము మడత కీళ్ళలో ఆట ఉంటే తెలుస్తుంది. ఫోర్కు మెరిసే కాళ్ళ మీద వేలు పెట్టి నిమరండి. గీతలున్నా, నూనె కారుతున్నా అది పెద్ద ఖర్చు. చక్రం తిప్పి బెండు చూడండి, పోకులు ఒక్కొక్కటీ నొక్కి చూడండి.

మూడోది, సామాను దొరుకుతుందా అని అడగండి. ఎక్సెల్సియర్ ఫ్రేములు దొరక్కనే కదా ఆ కుర్రాళ్ళ డొక్కుల కథ ముగిసింది. పాత దిగుడు సైకిళ్ళకు 26 అంగుళాల చక్రాలు ఉంటాయి. ఇప్పుడు వస్తున్నవి చాలావరకు 27.5, 29 అంగుళాలవి. మంచి రకం 26 టైరు, దానికి పట్టే ఫోర్కు దొరకడం కష్టమవుతోంది. హబ్బు వెడల్పులూ మారిపోయాయి. చౌకగా వచ్చిన సైకిలు ఒక్క చిన్న ముక్క దొరక్క గోడకు ఆని నిలిచిపోతే, అంతకన్నా ఖరీదైన సైకిలు లేదు.

నాలుగోది, లెక్క. నేను లెక్కల మాస్టరును కాదు గానీ ఇది చిన్న లెక్కే. చేతిలో 40,000 రూపాయలుంటే సైకిలుకు 28,000 మించనివ్వకండి. మిగిలిన 12,000లో ముందు మొహమంతా కప్పే హెల్మెట్, మోకాలి చిప్పలకు, మోచేతులకు రక్షణ. ఆ తరువాత బ్రేకు ప్యాడ్లు, టైర్లు, షాకు సర్వీసు. "హెల్మెట్ వచ్చే నెల కొందాం" అనే మాట ఇంట్లో వినపడకూడదు. ఆ మిగులు లేకపోతే సైకిలు కొనడం ఇంకో ఆరునెలలు ఆగండి.

అయిదోది, అందరూ మరిచిపోయేది. దీన్ని పైకి ఎవరు తీసుకుపోతారు? దిగుడు సైకిలు దిగడానికే. దాన్ని తొక్కుకుంటూ కొండెక్కడం దాదాపు అయ్యే పని కాదు. ఆదివారం ఆదివారం జీపు పెట్టి పంపగలమా? లేకపోతే ముందు ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మంచి గట్టి సైకిలు అదే డబ్బుకు ఇంకా మేలైనది వస్తుంది. ఎక్కుతుంది, దిగుతుంది, బడికీ పోతుంది. గారీ ఫిషర్ తన డొక్కుకు గేర్లు పెట్టింది ఇందుకే. వాలు మీది మోజు ఒక్కటే అయితే ఆట అక్కడితో ఆగేది. ఎక్కగలిగింది కాబట్టే సైకిలు లోకమంతా తిరిగింది.

చివరగా ఒక జాగ్రత్త. ఫ్రేము అడుగున నంబరు ఉంటుంది. అది గీకేసి ఉంటే ఆ సైకిలు జోలికి పోవద్దు. కొన్న బిల్లు అడగండి. బిల్లు లేకపోతే అమ్మేవాడి సంతకంతో నంబరు వేసి ఒక కాగితమైనా రాయించుకోండి. ఎవరి పిల్లవాడో ఏడ్చిన సైకిలు మన పిల్లవాడు తొక్కకూడదు కదా.

పిల్లలకు నాదొక మనవి. పాతది కొంటున్నామని చిన్నబుచ్చుకోకండి. రీప్యాక్ దారిలో దిగినవాళ్ళెవరూ తమ సైకిలు వయసు చూసి సిగ్గుపడలేదు. వాళ్ళకు తమ సైకిలులో ప్రతి బోల్టూ తెలుసు. ఎక్కడ బలముందో, ఎక్కడ బలహీనతో తెలుసు. విప్పి, కడిగి, గ్రీజు కూర్చి మళ్ళీ బిగించడం తెలుసు. ఆ తెలివిలోంచే బ్రీజర్ పుట్టింది. కొన్న మొదటి వారమే మీ వీధి సైకిలు షాపు అన్న పక్కన కూర్చుని, చేతులకు మసి అంటించుకుని నేర్చుకోండి.

పెద్దలకు ఇంకొక మనవి. కుర్రాడు అడిగినప్పుడు వెంటనే కసురుకోకండి. వెంటనే డబ్బు తీసి ఇవ్వనూ వద్దు. వాడితో కలిసి వెళ్ళి ఆ సైకిలును ఒకసారి పగటి వెలుగులో చూడండి. పై అయిదు ప్రశ్నలూ వాడినే అడగమనండి. జవాబులు సరిగా వస్తే కొనండి. రాకపోతే ఇద్దరూ టీ తాగి ఇంటికి రండి. సైకిళ్ళు ఇంకా వస్తాయి.